పరుగూ, పెరడూ



గత సంవత్సరం అక్టోబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున నేను విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద 21 కిలోమీటర్లు పరిగెత్తాను. యాభై నాలుగేళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి. సంగతి తెలిసి మా విచారణలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు మూతి విరిచారు. "ఆదివారం పూట ఫాదరుగారికి పరుగు పందేలేమిటి?" అన్నవారికి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఆ రోజు ఆరున్నర పూజ నా సహాయక గురువు అర్పించారు. తొమ్మిదిన్నర పూజ నేనే అర్పించాను, కుంటుకుంటూ అయినా సరే. పరుగు గురువులకు తగదనుకునేవారికి ఇంకో సంగతి. 2019లో వాటికన్‌లోనే గురువులు, స్విస్ గార్డులు, ఉద్యోగులు కలిసి 'అథ్లెటికా వాటికానా' అనే పేరుతో పరుగు బృందం పెట్టుకున్నారు. ఇక ఈ వాదం ఇక్కడితో చాలు.

నా పరుగు గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ శరత్కాలంలో ఇద్దరు స్త్రీలు నన్ను రెండు ప్రశ్నలడిగారు. ఒకటి బీచ్ రోడ్డు పక్కన, ఒకటి మా ఊళ్ళో, మా పెరట్లో. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో ఏ పరీక్షలోనూ నాకు అంత కష్టమైన ప్రశ్నలు రాలేదు. మీ ఇళ్ళలోనూ అవే ప్రశ్నలు ఎవరో ఒకరు లోలోపల అడుగుతూ ఉండవచ్చు. అందుకని మీతో పంచుకుంటున్నాను.

ముందు పరుగు సంగతి. దీనికి మూలం భక్తీ కాదు, సాహసమూ కాదు, షుగరు. "ఇంకా గీత దాటలేదు ఫాదర్, గీత మీద నిలబడ్డారు, నడవండి" అన్నారు డాక్టరుగారు. నడక మొదలుపెట్టాను. మా యువజన సంఘం కుర్రాళ్ళు నడకను పరుగులోకి దించారు. మొదటిరోజు రెండు నిమిషాలకే రొప్పు వచ్చి దేవాలయం ప్రహరీ పట్టుకుని నిలబడ్డాను. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారానికి నాలుగు రోజులు, అందులో ఒక రోజు దూరం ఎక్కువ. వాళ్ళు నేర్పిన మొదటి సూత్రం నాకు భలే నచ్చింది. పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరిగెత్తాలి. మాట ఆగిపోతే వేగం ఎక్కువైందని అర్థం. (సంసారాలకు కూడా ఈ సూత్రం పనికివస్తుందని పెళ్ళి ప్రసంగాల్లో రెండుసార్లు వాడుకున్నాను.)

మన కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర ఆగకుండా పరిగెత్తే మనిషికి సుమారు రెండు గంటలకు సరిపోతుంది. అది అడుగంటితే శరీరం కొవ్వు మీద ఎక్కువగా ఆధారపడాలి. కొవ్వు నెమ్మదిగా కాలే కట్టె. అందుకే 42 కిలోమీటర్ల మారథాన్ పరిగెత్తేవారిలో చాలామందికి ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఎదురుగా గోడ వచ్చి నిలబడ్డట్టు ఉంటుందట. అన్నట్టు, ఆ దూరం వెనుక పెద్ద దైవరహస్యమేమీ లేదు. 1896లో ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్సులో మారథాన్ సుమారు 40 కిలోమీటర్లే. గ్రీకు దేశపు స్పిరిడాన్ లూయిస్ గెలిచాడు. 1908లో లండన్ వాళ్ళు వేసిన దారి 42 కిలోమీటర్ల 195 మీటర్లకు వచ్చింది. 1921లో అదే ఖాయమైంది. నేను పరిగెత్తింది అందులో సగం.

చీకట్లో ఐదు గంటలకు బయలుదేరాం. కుడిచేతి వైపు సముద్రం కనబడదు, వినబడుతుంది. కురుసుర జలాంతర్గామి దాటాం, తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు ఎక్కాం. నా చేతికి మా యువకులు కొనిపెట్టిన గడియారం. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టిందో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది. పది నిమిషాలకొకసారి దాన్నే చూస్తూ పరిగెత్తాను. రుషికొండ వైపు వెళ్ళేసరికి సముద్రంలోంచి సూర్యుడు లేచాడు. వానలు వెనకబడిన అక్టోబరు ఆకాశం, దూదిపింజల్లాంటి మబ్బులు, వాటి అంచులకు ఎరుపు. ఓ రెండు కిలోమీటర్లపాటు నేను పరిగెత్తుతున్నానన్న సంగతే మరిచిపోయాను. గడియారం చూడలేదు. తరువాత పద్దెనిమిదో కిలోమీటరులో తొడలు బిగుసుకుని, ఎడమకాలి బొటనవేలి గోరు కింద రక్తం కట్టి, ప్రతి అడుగూ లెక్కపెట్టుకుంటూ వచ్చాను. 2 గంటల 51 నిమిషాలు. మెడలో బిళ్ళ వేశారు, అరటిపండు ఇచ్చారు.

ఆ బిళ్ళ మెడలో ఉండగానే మొదటి ప్రశ్న ఎదురైంది. మా విచారణలోని ఒక జాలరి తల్లి గంప దించుకుని రోడ్డు పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"ఏటి ఫాదరుగారూ, పందెంలో గెల్సినారా?"

"లేదమ్మా, పూర్తిచేశాను, అంతే."

"డబ్బులేటైనా ఇచ్చినారా?"

"వాళ్ళివ్వరమ్మా, మనమే కట్టాలి."

ఆమె ముందు నవ్వింది. తరువాత నవ్వు ఆపి, "డబ్బులు కట్టి మరీ పరిగెడతారేటి బాబూ! నాను ముప్పయ్యేళ్ళబట్టి ఈ రోడ్డు మీదే గంప మోస్తన్నాను. నాకు బిళ్ళ ఎవులిచ్చినారు?" అంది.

వెటకారం లేదు. నిజంగానే అడిగింది. వచ్చే ఆదివారం ప్రసంగానికి నేను అప్పటికే మనసులో మాటలు కూర్చుకున్నాను. పద్దెనిమిదో కిలోమీటరు బాధ, శరీరాన్ని లొంగదీయడం, తపస్సు వగైరా. పునీత పౌలు పరుగు పందెం ఉపమానం సిద్ధంగానే ఉంది. ఆయన కొరింతువారికి ఆ లేఖ రాసినప్పుడు, వాళ్ళ ఊరికి దగ్గరలోనే ఇస్తమియాలో రెండేళ్ళకొకసారి ఆటలు జరిగేవి. గెలిచినవాడికి దేవదారు జాతి చెట్టు ఆకులతోనో, ఎండిన సెలరీ ఆకులతోనో కిరీటం పెట్టేవారు. వాడిపోయే కిరీటం కోసం వాళ్ళంత కష్టపడుతుంటే మనమెంత కష్టపడాలి అని ఆయన వాదం. ఆ ప్రసంగం నేను చెప్పలేదు. ఆ తల్లి ముందు వరుసలో కూర్చుంటుంది మరి.

చూడండి, మనందరి మనసుల్లో ఒక లెక్క ఉంది. కష్టమెంతో విలువంత అని. "నేనెంత కష్టపడి నిన్ను చదివించాను" అని తండ్రి అంటాడు. రాత్రి పదకొండింటిదాకా బడి వదలని పిల్లవాణ్ణి చూసి తల్లి గర్వపడుతుంది. నేలపడకనో ఉపవాసాన్నో గొప్పగా చెప్పుకునే గురువులూ ఉన్నారు. ఈ లెక్క తప్పని పదమూడో శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు చెప్పారు. ఒక క్రియ సద్గుణం కావడానికి ముఖ్యం అది మంచిదై ఉండడం, కష్టమైనదై ఉండడం కాదని ఆయన వాదన. కష్టమైనదంతా పుణ్యం కాదు. కష్టంతోపాటు అది మరింత మంచిదై ఉంటేనే పుణ్యం పెరుగుతుంది. పొరుగువాణ్ణి ప్రేమించడం కష్టం కాబట్టి దేవుణ్ణి ప్రేమించడం తక్కువదా అని చర్చిస్తూ ఆయన ఈ మాట అంటారు. గురువిద్యాలయంలో నేనిది బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. బట్టీ పట్టినదానికీ తెలిసినదానికీ దూరం ఎంతో మీకు తెలుసు.

ఎందుకంటే, తాగివచ్చి కొట్టే భర్త గురించి చెప్పుకుని ఏడ్చిన ఇల్లాలితో "సిలువ అనుకుని మోయమ్మా" అన్న గురువుల్లో నేనూ ఒకణ్ణి. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఆ కష్టంలో ఏ మంచి ఉందని అలా అన్నాను? కష్టం ఉంది కాబట్టి మంచి కూడా ఉండే ఉంటుందనుకున్నాను. అంతకంటే నా దగ్గర జవాబు లేదు.

మరి నా పరుగు? అక్వినాసుగారి దగ్గరే దానికీ చోటు ఉంది. అది తపస్సుల వరుసలో కాదు, ఆటల వరుసలో. మనసుకు విశ్రాంతి అవసరమనీ, ఆటకు కూడా ఒక సద్గుణం ఉందనీ ఆయన రాశారు. అక్కడే పునీత యోహాను గురించి ఒక పాత కథ చెబుతారు. ఆయన శిష్యులతో సరదాగా ఉండడం చూసి కొందరు నొచ్చుకున్నారట. అందులో ఒకడి చేతిలో విల్లు ఉంది. బాణాలు వేస్తూనే ఉండు అన్నాడట యోహాను. ఎప్పుడూ అలా వంచుతూ ఉంటే విల్లు విరుగుతుందని ఆ మనిషే ఒప్పుకున్నాడట. నేను పరిగెత్తింది ఆట. మంచి ఆట, ఒంటికి మేలు చేసే ఆట. ఆ తల్లి మోసింది బతుకు. ఆమె నన్ను ఆడుకోవద్దనలేదు. ఆటకు బిళ్ళ వేసి బతుకును చూడకుండా పోయే రోడ్డు గురించి అడిగింది. నెలలు గడిచినా ఆమెకు నేనింకా జవాబు చెప్పలేదు.

పందెం అయిన వారానికి సెలవు పెట్టి ఇంటికి బయలుదేరాను. మాది గుంటూరు సీమ. అక్కడ పుట్టి ఉత్తరాంధ్రలో గురువునయ్యాను కాబట్టి ఇల్లు నాకు ఒక పగటి రైలు ప్రయాణమంత దూరం. గోదావరి లంకల్లో రెల్లు పూసి తెల్లగా ఊగుతోంది. మెట్ట పొలాల్లోకి వచ్చేసరికి కంది పసుపుపచ్చగా పూస్తోంది, పత్తికాయ పగులుతోంది. సంచుల్లో సీతాఫలాలు రైలెక్కుతున్నాయి. శరత్తు మా వైపు అందమైన కాలమే గాని నిశ్చింత కాలం కాదు. పగిలిన పత్తి మీద వాన పడితే దూది నల్లబడుతుంది. తీరంలో తుపాను కాలం కూడా ఇదే. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తాకింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. వెన్నెల ఎంత తెల్లగా ఉన్నా మా పెద్దవాళ్ళు తూర్పు వైపు ఒక కన్ను వేసే ఉంచుతారు.

మా పెరట్లో పారిజాతం చెట్టు ఉంది. రాత్రి పూసి తెల్లవారేసరికి నేలంతా రాలుస్తుంది. దాని పక్కన నులకమంచం, మంచం మీద మా అమ్మ. ఎనభై మూడేళ్ళు. నలుగురిలో నన్ను "ఫాదరుగారూ" అంటుంది, పెరట్లో "నాయనా" అంటుంది. ఇంటికి చేరిన రెండోరోజు సాయంత్రం ఆమె పక్కన కూర్చున్నాను. ఏదో చెబుతోంది, మా నాన్న కొన్న మొదటి ఎడ్ల జత గురించి. నేను ఊఁ కొడుతున్నాను.

"ఎక్కడికన్నా పోవాలా నాయనా?" అంది.

"లేదమ్మా, ఎందుకు?"

"మాటిమాటికీ గడియారం చూసుకుంటన్నావు."

ఇది రెండో ప్రశ్న.

నేను టైము చూడడం లేదు. ఆ రోజు ఎన్ని అడుగులు నడిచానో చూస్తున్నాను. పదివేలకు ఇంకా నాలుగు వేలు తక్కువ. అమ్మ మాట వింటూనే, ఆమె నిద్రపోతే చేలగట్టు మీద ఒక చుట్టు పరిగెత్తి రావచ్చునని లెక్క వేసుకుంటున్నాను.

అరిస్టాటిల్ రెండు రకాల క్రియలు చెప్పాడు. కొన్ని ముగిసేదాకా అసంపూర్ణాలు. ఇల్లు కడుతున్నంతసేపూ ఇల్లు కట్టినట్టు కాదు, పైకప్పు పడ్డాకే కట్టినట్టు. మరికొన్ని ప్రతి క్షణంలోనూ సంపూర్ణాలు. చూస్తున్నవాడు ఆ క్షణంలోనే చూసేశాడు. చూపు పూర్తికావడానికి రేపు అక్కరలేదు. మొదటిరకానికి ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఒళ్ళు తగ్గించుకోవడం! డాక్టరుగారు నాకు చెప్పిందీ అదే. ఆనందం అనేది రెండోరకం క్రియలతో పుడుతుందనీ, అది ఒక్క క్షణంలోనైనా నిండుగానే ఉంటుందనీ ఆయన భావం. వెన్నెల చూడడం అలాంటిది. అమ్మ పక్కన కూర్చోవడం అలాంటిది. కూర్చోవడంలో ఎంత దూరం వచ్చామని ఎవరూ అడగరు.

అలాగని పరుగంతా మొదటిరకమనీ, పెరడంతా రెండోరకమనీ గీత గీయలేను. రుషికొండ దగ్గర ఆ రెండు కిలోమీటర్లలో నా కాళ్ళు పరిగెత్తుతున్నా నేను ఎక్కడికీ పోవడం లేదు. ఆ కాసేపు పరుగు చూపులాంటిదే అయింది. మా పెరట్లోనేమో మంచం మీద కూర్చునే పందెం పరిగెత్తుతున్నాను. నాలుగో శతాబ్దపు పునీత నిస్సా గ్రెగోరీ మోషే జీవితం మీద రాసిన గ్రంథం గుర్రప్పందేల పోలికతోనే మొదలవుతుంది. మంచిలో ఎదుగుదలకు హద్దు లేదు, ఆగని పరుగే పరిపూర్ణత అంటారాయన. కాని అదే గ్రంథంలో, బండమీద స్థిరంగా నిలబడినవాడే నిజంగా పరిగెత్తేవాడని, ఇసుకలో కాళ్ళాడించేవాడు ఎంత శ్రమపడినా ఉన్నచోటే ఉంటాడని కూడా అంటారు. చదువుకునే రోజుల్లో ఇదేదో మాటల గారడీ అనుకున్నాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం నా పరుగు ప్రసంగంలాగే అవుతుంది. జూన్‌లో అమ్మ స్నానాలగదిలో జారి పడింది. ఎముక విరగలేదు గాని మూడు వారాలు మంచం దిగలేదు. తమ్ముడు ఫోను చేశాడు. నేను "వచ్చేవారం వస్తాను, విచారణ పనులున్నాయి" అన్నాను. పనులు ఉన్నమాట నిజం. ఆ ఆదివారం తెల్లవారుజామున నేను మొదటిసారి 14 కిలోమీటర్లు పరిగెత్తాలని రాసిపెట్టుకున్నమాట కూడా నిజం. ఒకటి చెప్పి ఒకటి చెప్పలేదు. వచ్చేవారం కూడా వెళ్ళలేదు. వెళ్ళేసరికి అమ్మ లేచి కూర్చుంది, "నువ్వెందుకు నాయనా ఇంత దూరం" అంది.

ఆ మూడు వారాలు ఎవరు చూశారు? మా మరదలు. తమ్ముడి భార్య. పద్దెనిమిదేళ్ళుగా మా ఇంటి పొయ్యి, పొలం కూలీల అన్నం, ఇప్పుడు అమ్మ. నేను పారిజాతం కింద కూర్చుని శరత్తును ఆనందిస్తున్న ఆ సాయంత్రం కూడా ఆమె నా కోసం కోడికూర వండుతూ, మధ్యలో వచ్చి అమ్మకు మందు వేసి, పత్తి తీసిన కూలీలకు లెక్క చూసి పంపుతోంది. "సెలవు హాయిగా గడిచింది" అని మనం అంటాం. ఎవరి చేతుల మీదుగా గడిచిందో చెప్పం. మీ ఇంట్లో పండక్కి వచ్చే కొడుకులు, అల్లుళ్ళు, నాలాంటి గురువులు ఒకసారి వంటగది గుమ్మం దగ్గర నిలబడి చూడాలి.

మర్నాడు పొద్దున ఆమెతో అన్నాను. "నాలుగు రోజులు అమ్మను నేను చూసుకుంటానమ్మా. నువ్వు మీ అమ్మగారింటికి వెళ్ళిరా."

నమ్మలేదు. "మీకు చాతకాదు బావగారూ" అంది. తమ్ముడు కూడా నవ్వాడు. చివరికి మందుల సీసాలకు ఒకటి, రెండు, మూడు అని చీటీలు అంటించి, గ్యాసు కట్టేయడం మరిచిపోవద్దని రెండుసార్లు చెప్పి, బస్సెక్కింది. పుట్టింట్లో రాత్రి నిద్రచేసి మూడేళ్ళయిందట. నాకా సంగతి అప్పుడే తెలిసింది.

ఆ నాలుగు రోజులు నేను పరిగెత్తలేదు. పరిగెత్తడానికి వీలూ లేదు. రాత్రి రెండుసార్లు లేవాలి. అమ్మ మూత్రానికి వెళ్ళేటప్పుడు చంకకింద చెయ్యివేసి లేపాలి. ఎక్కువ ఎత్తితే నొప్పి, తక్కువ ఎత్తితే లేవదు. జావలో ఉప్పు ఎక్కువైందని చెప్పదు, తాగడం మానేస్తుంది. మూడోరోజు మధ్యాహ్నం నాకు విసుగు వచ్చింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు. పద్దెనిమిదో కిలోమీటరులో ముగింపు గీత మూడు కిలోమీటర్లలో ఉందని తెలుసు. ఇక్కడ ముగింపు ఎప్పుడో తెలియదు. తెలుసుకోవాలని కోరుకోవడమే పాపం. మా మరదలు ఇలాంటి దూరంలో ఉంది, బిళ్ళ లేకుండా. బీచ్ రోడ్డు మీది ఆ తల్లి కూడా.

నవంబరు 2, మృతుల స్మరణ దినం. మా ఊళ్ళో ఆ రోజు సమాధులకు సున్నం వేసి, బంతిపూలు చల్లి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. ముందురోజే తిరిగివచ్చిన మా మరదలు, "అత్తయ్యను తీసుకుపోవద్దు, నడవలేదు" అంది. అమ్మ వినలేదు. ఆటోలో గేటు దాకా తీసుకువెళ్ళాం. గేటు నుంచి నాన్న సమాధి డెబ్బై, ఎనభై అడుగులుంటుంది. ఒక పక్క నేను, ఒక పక్క మరదలు. నాలుగు అడుగులు వేయడం, ఆగడం. ఆగినచోటల్లా అమ్మ ఆ పక్కనున్న సమాధి ఎవరిదో చెబుతోంది. వాళ్ళ పెళ్ళి ఎప్పుడైంది, ఎవరికి ఎవరు ఏమవుతారు, ఏ తుపానుకు ఎవరి ఇల్లు పోయింది. చుట్టూ దీపాలు, పైన చలి మొదలవుతున్న ఆకాశం. మా వెనక వస్తున్నవాళ్ళు పక్కనుంచి దాటిపోతున్నారు.

సగం దారిలో నా గడియారం టింగుమంది. చాలాసేపటిగా కదలడం లేదు, లేచి నడవండి అని దాని సందేశం.

"ఏంది నాయనా అది?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా" అని తీసి జేబులో వేసుకున్నాను. ఆమె అప్పటికే తరువాతి సమాధి దగ్గర మా మేనత్త కథ మొదలుపెట్టింది.